ఆట – అంటు (4): గేటు బయట నిలబెట్టిన వేగం



పోయిన ఆదివారం మా అక్క కొడుకు ఇంటికొచ్చాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. క్రికెట్ అంటే ప్రాణం. అన్నం తింటూనే ఫోన్ నా ముందు పెట్టి, "మావా, ఇది చూడు, అన్ని కాలాల్లో టాప్ టెన్ ఫాస్ట్ బౌలర్లు. నీ లెక్క చెప్పు" అన్నాడు. ఇద్దరం చేతులు ఎండిపోయేదాకా వాదించుకున్నాం. వాడు వెళ్ళిపోయాక కూడా ఆ వాదన నన్ను వదల్లేదు. ఈ వారం వేరే సంగతి రాద్దామనుకుని, దాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది. ఓపిగ్గా చదవండి.

ముందు వాడి లెక్క చెప్తాను. వాడిది సగటు లెక్క. ఒక్కో వికెట్‌కి ఎన్ని పరుగులిచ్చాడు అని. మాల్కం మార్షల్ 81 టెస్టుల్లో 376 వికెట్లు, సగటు 20.94. జోయెల్ గార్నర్ 20.97. కర్ట్లీ ఆంబ్రోస్ 405 వికెట్లు, 20.99. మెక్‌గ్రాత్ 563 వికెట్లు, 21.64. ట్రూమన్ 307, 21.57. వీళ్ళ తర్వాత మన బుమ్రా వచ్చాడు. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో 200 వికెట్లు పూర్తిచేసినప్పుడు అతని సగటు 20 కన్నా తక్కువ. 200 వికెట్లు దాటిన వాళ్ళలో అలాంటి సగటు అప్పటిదాకా ఎవరికీ లేదు. "కాబట్టి బుమ్రానే నంబర్ వన్ మావా" అని మావాడి తీర్పు.

సరే, సగటే కొలబద్ద అయితే జార్జ్ లోమన్‌ని ఎక్కడ పెడతావురా అన్నాను. వాడికి ఆ పేరే తెలీదు. 1886 నుంచి 1896 దాకా ఇంగ్లండ్‌కి ఆడాడు. మీడియం పేస్. 18 టెస్టులు, 112 వికెట్లు, సగటు 10.75. అంటే మార్షల్ సగటులో సగం. ఐసీసీ ర్యాంకింగులు మొదలైంది 1987లో అయినా, పాత మ్యాచ్‌లన్నిటికీ వెనక్కి లెక్క కట్టారు. ఆ లెక్కలో ఇప్పటికీ చరిత్రలో అత్యధిక బౌలింగ్ పాయింట్లు సిడ్నీ బార్న్స్‌వి, 932. ఆ వెనకే లోమన్, 931. ఇమ్రాన్ ఖాన్ 922తో ఆ తర్వాత.

"అదెలా మావా, అప్పుడు పిచ్‌లు వేరు కదా!" అన్నాడు. నిజమే. అప్పుడు పిచ్‌ని వానకి కప్పేవాళ్ళు కాదు. తడిసి ఎండిన పిచ్ మీద బంతి ఎటు తిరుగుతుందో, ఎంత లేస్తుందో వేసినవాడికే తెలీదు. హెల్మెట్లు లేవు. ఎల్‌బీడబ్ల్యూ నియమం వేరు. వేగం కొలిచే యంత్రం లేదు. ఆడే దేశాలు మూడే. అందుకే తరాలు దాటి పోల్చేవాళ్ళు రకరకాల సవరణలు చేస్తారు. ఆ కాలంలో మిగతా బౌలర్ల సగటెంత, ఎదుటి జట్టు బలమెంత, సొంతగడ్డ మీద ఎన్ని, బయట ఎన్ని, ఎన్నేళ్ళు ఆడాడు, ఎన్ని బంతులకో వికెట్ అని. ఈ సవరణలన్నీ న్యాయమైనవే. అలా చూస్తే డేల్ స్టెయిన్ పైకి లేస్తాడు, 93 టెస్టుల్లో 439 వికెట్లు, 42 బంతులకో వికెట్. ఒంటిచేత్తో న్యూజిలాండ్‌ని మోసిన హాడ్లీ పైకి లేస్తాడు. ఉపఖండపు చచ్చు పిచ్‌ల మీద 414 తీసిన వసీం అక్రం పైకి లేస్తాడు.

పిచ్‌కి సవరణ ఉంది, వానకి సవరణ ఉంది, హెల్మెట్‌కి ఉంది. మరి గేటుకి? గ్రౌండ్‌లోకి ఎవర్ని రానిచ్చారు, ఎవర్ని బయటే నిలబెట్టారు అనేదానికి ఏ లెక్కలో సవరణ ఉంది? ఈ వారం నా ప్రశ్న ఇదే.

లోమన్ దగ్గరే మొదలుపెడదాం. ఆ 10.75 ఎక్కడ తయారైంది? 1895–96లో ఇంగ్లండ్ జట్టు దక్షిణాఫ్రికా వెళ్ళింది. పోర్ట్ ఎలిజబెత్ టెస్టులో లోమన్ రెండో ఇన్నింగ్స్‌లో 7 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. దక్షిణాఫ్రికా 30కే ఆలౌట్. జొహానెస్‌బర్గ్‌లో 28 పరుగులకు 9 వికెట్లు. మూడు టెస్టుల్లో 35 వికెట్లు, సగటు 5.80. ఎదుటి జట్టు అంత బలహీనమని గణాంకాలవాళ్ళు ఒప్పుకుంటారు. ఎందుకు బలహీనమో మాత్రం రాయరు.

నాలుగేళ్ళు వెనక్కి వెళ్దాం. 1892 మార్చి, కేప్‌టౌన్. వాల్టర్ రీడ్ తెచ్చిన ఇంగ్లండ్ జట్టు, స్థానిక "మలయ్" జట్టుతో ఒక మ్యాచ్ ఆడింది. పదకొండు మంది మీద పద్దెనిమిది మంది. ఆ పద్దెనిమిది మందిలో క్రోమ్ హెండ్రిక్స్ అనే ఫాస్ట్ బౌలర్ ఉన్నాడు. 50 పరుగులకు 4 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ ఆటగాళ్ళు అతని వేగాన్ని నోరారా మెచ్చుకున్నారు. 1894లో దక్షిణాఫ్రికా జట్టు మొదటిసారి ఇంగ్లండ్ పర్యటనకు బయల్దేరినప్పుడు హెండ్రిక్స్ పేరు చర్చకొచ్చింది. కేప్ కాలనీ ప్రధాని సెసిల్ రోడ్స్. క్రికెట్ వ్యవహారాలు చూసే విలియం మిల్టన్ ఆ రోడ్స్ మనిషే. రంగున్న వాడు దేశం తరఫున వెళ్ళడానికి వీల్లేదన్నారు. ఆటగాడిగా కాకపోతే సామాన్లు మోసే మనిషిగా తీసుకెళ్దాం అన్న మాట కూడా వచ్చింది. హెండ్రిక్స్ ఒప్పుకోలేదు.

ఆ ఒప్పుకోకపోవడం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. దేశంలోకెల్లా వేగంగా వేస్తాడని పేరున్న మనిషిని పెట్టెలు మొయ్యమంటే "రాను" అన్నాడు. ఆ "రాను" ఏ స్కోర్‌కార్డులోనూ లేదు. అతన్ని పక్కన పెట్టిన ఆ జట్టు మీదే, రెండేళ్ళ తర్వాత, లోమన్ 5.80 సగటు సాధించాడు. ఆ అంకె మాత్రం 130 ఏళ్ళుగా పుస్తకంలో భద్రంగా ఉంది.

ఇప్పుడు ఆస్ట్రేలియా.

జాక్ మార్ష్ ఆదివాసీ. మొదట పరుగు పందేల వీరుడు. 1900–01లో న్యూసౌత్ వేల్స్‌కి ఆడాడు. అతని బంతి వేగానికి జనం గుడ్లప్పగించి చూశారు. వెంటనే "మోచెయ్యి వంచి విసురుతున్నాడు" అన్న ఆరోపణ వచ్చింది. ఒక సన్నాహక మ్యాచ్‌లో అంపైర్ నోబాల్ అంటే, మర్నాడు చెయ్యి వంగకుండా బద్దలు కట్టించుకుని వచ్చి అదే వేగంతో వేసి చూపించాడు. అయినా 1901లో విక్టోరియాతో మ్యాచ్‌లో మరో అంపైర్ పదే పదే నోబాల్ పిలిచాడు. మొత్తం ఫస్ట్ క్లాస్ జీవితం 6 మ్యాచ్‌లు, 34 వికెట్లు. అంతే. శ్వేత ఆస్ట్రేలియా విధానం చట్టమై కూర్చున్నది కూడా 1901లోనే అని గుర్తుపెట్టుకోండి. 1916లో ఆరెంజ్ అనే పట్టణంలో ఒక పబ్ బయట జాక్ మార్ష్‌ని కొట్టి చంపారు. ఇద్దరి మీద కేసు నడిచింది. ఇద్దరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. ఈ చివరి వాక్యం మనకి కొత్త కాదు. పేర్లూ ఊళ్ళూ మార్చి మనం చాలాసార్లు చదివాం.

ఎడ్డీ గిల్బర్ట్ కథ ఇంకా దగ్గరగా చూడాలి. క్వీన్స్‌లాండ్‌లో బరంబా అనే ఆదివాసీ సెటిల్‌మెంట్ మనిషి. ఇప్పుడు దాన్ని షెర్‌బర్గ్ అంటారు. 1897 నాటి "రక్షణ" చట్టం కింద బతికేవాళ్ళు అక్కడివాళ్ళు. సెటిల్‌మెంట్ దాటాలంటే అనుమతి కావాలి, పనికెళ్ళాలంటే అనుమతి, పెళ్ళికీ అనుమతే. గిల్బర్ట్ రాష్ట్రం తరఫున క్రికెట్ ఆడడానికీ ఆ అనుమతి కాగితమే దిక్కు.

1931 నవంబర్ 6. బ్రిస్బేన్, గబ్బా మైదానం. ఎదురుగా డాన్ బ్రాడ్‌మన్. గిల్బర్ట్ పరుగు పెట్టేది నాలుగైదు అడుగులే. ఆ నాలుగైదు అడుగుల నుంచే వచ్చిన ఒక బంతికి బ్రాడ్‌మన్ కిందపడ్డాడు. ఒక బంతికి బ్యాటు చేతిలోంచి ఎగిరిపోయింది. ఇంకో బంతికి కీపర్‌కి క్యాచ్. సున్నా. తాను ఎదుర్కొన్నవాటిలో అంత వేగమైన బంతులు లేవని, లార్వుడ్‌ని కూడా కలుపుకుని, బ్రాడ్‌మనే తర్వాత చెప్పాడు. నిజాయితీగా మిగతాదీ చెప్పాలి. ఆ మ్యాచ్‌లో మెకేబ్ 229 నాటౌట్ కొట్టాడు, గిల్బర్ట్ జట్టు ఓడిపోయింది. అతను దేవుడేమీ కాదు. 23 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల్లో 87 వికెట్లు తీసిన, ఒక్క టెస్టూ ఆడని ఫాస్ట్ బౌలర్. బ్రాడ్‌మన్‌ని అవుట్ చేసిన మరుసటి నెలలోనే మెల్‌బోర్న్‌లో అతన్నీ నోబాల్ పిలిచారు. మళ్ళీ అదే ఆరోపణ.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు, "తెల్లవాళ్ళనీ నోబాల్ పిలిచారు కదా?" అని. పిలిచారు. 1963లో ఇదే గబ్బాలో ఇయన్ మెకిఫ్‌ని ఒకే ఓవర్లో నాలుగుసార్లు పిలిస్తే, అతని ఆట అక్కడితో అయిపోయింది. కానీ టెస్టుల్లో విసురుడుకి మొట్టమొదట నోబాల్ పడింది ఎర్నీ జోన్స్‌కి, 1897–98 సీజన్‌లో. ఆయన తర్వాత కూడా 1902 దాకా టెస్టులు ఆడాడు. అనుమానం అందరి మీదా వస్తుంది. అనుమానం తర్వాత ఇంకో అవకాశం ఎవరికి దొరుకుతుంది అన్నదే తేడా.

1936లో గిల్బర్ట్‌ని వెనక్కి సెటిల్‌మెంట్‌కి పంపేశారు. అప్పుడు క్రికెట్ సంఘం వాళ్ళు ఆదివాసీ "రక్షణ" అధికారికి రాసిన ఉత్తరంలో ఒక సంగతుంది. గిల్బర్ట్ కోసం కొన్న క్రికెట్ బట్టలు ఉతికించి తమ ఆఫీసుకి చేర్చమని అడిగారు. ఉతుకుడు ఖర్చు తామే పెట్టుకుంటామన్నారు. నేను ఆ సంగతి చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బట్టల్లో ఇంకెవరైనా ఆడాలి కదా, అందుకని. గిల్బర్ట్ తన చివరి దశాబ్దాలు మానసిక వైద్యశాలలో గడిపి 1978లో పోయాడు.

నాకు నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం మా చిన్నాన్న.

1989 సంక్రాంతి. కారంచేడు జరిగి అప్పటికి మూడున్నరేళ్ళు. మా ఊళ్ళో పండక్కి క్రికెట్ టోర్నమెంట్ పెట్టారు. మా పల్లె పిల్లలకు జట్టు లేదు. ఊరి పిల్లలు ప్రాక్టీస్ చేస్తుంటే మాకిచ్చే పని బౌలింగ్, లేదంటే తుమ్మచెట్లలో పడ్డ బంతి తెచ్చివ్వడం. బ్యాటు వాళ్ళది. మా చిన్నాన్న అలా వేసి వేసి బౌలర్ అయ్యాడు. కార్క్ బంతితో ఆయన వేస్తే కీపర్ పది గజాలు వెనక్కి నిలబడేవాడు. ఫైనల్ రోజు ఊరి జట్టులో ఒకబ్బాయికి జ్వరం. పొద్దున్నే పల్లెకొచ్చి చిన్నాన్నని పిలుచుకెళ్ళారు. పేర్ల జాబితా అంతకుముందే ఇచ్చేశారు కాబట్టి జ్వరమొచ్చిన అబ్బాయి పేరు మీదే ఆడమన్నారు. ఆడాడు. ఆరు వికెట్లు తీశాడు. నేను గట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. సాయంత్రం మైకులో బెస్ట్ బౌలర్ పేరు చదివితే, ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి పేరు వినిపించింది. కప్పు తీసుకెళ్ళి రామమందిరం అరుగు పక్క అద్దాల బీరువాలో పెట్టారు. ఆ అరుగు మేం ఎక్కకూడదు. కాబట్టి ఆ కప్పుని మా చిన్నాన్న దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఆయన పొగాకు బేరన్ పనికెళ్ళాడు. ఇరవయ్యేళ్ళు బోరాలు మోశాడు. ఇప్పుడు ఆ కుడి భుజం తలదాకా లేవదు. మా ఊరి స్కోరు పుస్తకం ఎక్కడైనా మిగిలి ఉంటే, అందులో ఆరు వికెట్లు ఉంటాయి. అంకె నిజం, పేరు అబద్ధం. అందుకే అంకెలు మాట్లాడతాయి అని ఎవరన్నా అంటే, ఎవరి గొంతుతో అని అడగాలనిపిస్తుంది నాకు.

బౌలింగ్ అనేది కూలి పని అన్న చూపు మన దగ్గర మాత్రమే ఉందనుకోకండి. ఇంగ్లండ్‌లోనూ ఉంది. అక్కడ ఆటగాళ్ళు రెండు కులాలు. డబ్బు తీసుకోని దొరలు అమెచ్యూర్లు, కూలికి ఆడేవాళ్ళు ప్రొఫెషనల్స్. ఇద్దరికీ మైదానంలోకి వేరే వేరే గేట్లు. స్కోర్‌కార్డులో పేరు రాసే పద్ధతి కూడా వేరే. ఈ విభజన 1962 దాకా నడిచింది. హెరాల్డ్ లార్వుడ్ నాటింగ్‌హామ్‌షైర్ బొగ్గుగని కార్మికుడు. 1932–33 బాడీలైన్ సిరీస్‌లో కెప్టెన్ జార్డిన్ చెప్పినట్టు వేసి 33 వికెట్లు తీశాడు. జార్డిన్ దొర. జట్టులోనే ఇంకో దొర గబ్బీ అలెన్, అలా వెయ్యను పో అన్నాడు. ఆయనకేం కాలేదు. గొడవ పెద్దదయ్యాక క్షమాపణ చెప్పమని లార్వుడ్‌ని అడిగారు. కెప్టెన్ మాట విన్నందుకు నేనెందుకు చెప్పాలి అన్నాడు. మళ్ళీ ఇంగ్లండ్‌కి ఆడలేదు. 21 టెస్టులు, 78 వికెట్లు, సగటు 28.35. ఈ సగటు చూసి మావాడి లాంటి పిల్లలు లార్వుడ్‌ని జాబితా నుంచి కొట్టేస్తారు. చివరికి ఆయన 1950లో ఏ దేశాన్ని భయపెట్టాడో ఆ ఆస్ట్రేలియాకే వలసపోయి స్థిరపడ్డాడు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఈ ర్యాంకింగ్ వాదనల్లో "ఆడి ఉంటేనా..." అనే మాట ఎవరికి దక్కుతుందో గమనించండి. మైక్ ప్రోక్టర్ దక్షిణాఫ్రికా తెల్ల ఫాస్ట్ బౌలర్. 7 టెస్టులు, 41 వికెట్లు, సగటు 15.02. వర్ణవివక్ష వల్ల 1970 తర్వాత దక్షిణాఫ్రికాని వెలివేశారు కాబట్టి ఆయన ఆట ఆగిపోయింది. ఆయన్ని నేనేం అనను. 1971లో కేప్‌టౌన్‌లో అందర్నీ ప్రతిభని బట్టి తీసుకోవాలని మైదానం నుంచి నడిచి బయటికొచ్చిన వాళ్ళలో ఆయనా ఉన్నాడు. ఏడు టెస్టులకే ఆయన పేరు గొప్పవాళ్ళ పక్కన వస్తుంది, "ఎంత నష్టం" అని రాస్తారు. మంచిదే.

కానీ అదే దేశంలో, అదే రోజుల్లో, విన్సెంట్ బార్న్స్ అనే ఫాస్ట్ బౌలర్ ఉన్నాడు. తెల్లవాడు కాదు. నల్లవాళ్ళు, రంగువాళ్ళు, భారతీయులు ఆడుకునే వేరే బోర్డు మ్యాచ్‌ల్లో ఆడాడు. ఆ మ్యాచ్‌లకు ఫస్ట్ క్లాస్ గుర్తింపు వర్ణవివక్ష పోయాక గాని రాలేదు. అప్పుడు లెక్క తీస్తే 300కి పైగా వికెట్లు, సగటు 12 లోపు. వాళ్ళకిచ్చిన మైదానాలు గతుకులు, పిచ్‌లు అధ్వాన్నం, అందుకే సగటు అంత తక్కువ అంటారు. నేనూ ఒప్పుకుంటాను. మరి లోమన్ పిచ్‌లు? లోమన్‌కి వానలో తడిసిన పిచ్ ఉన్నా 931 పాయింట్లు. విన్సెంట్ బార్న్స్‌కి ఒక అడుగుగమనిక కూడా లేదు. తెల్లవాడు ఆడలేకపోతే నష్టం. నల్లవాడు ఆడలేకపోతే, అసలు ఆటే లేదు.

ఆ దేశంలోనే 1998లో మఖాయా ఎన్తిని టెస్టు ఆడిన మొదటి నల్ల ఆఫ్రికన్ అయ్యాడు. ఎండింగి అనే పల్లెలో పశువులు కాసిన కుర్రాడు. 101 టెస్టులు, 390 వికెట్లు. అంతా అయిపోయాక, 2020లో, ఒక సంగతి బయటపెట్టాడు. జట్టు బస్సులో తన పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదట. అందుకే బ్యాగు డ్రైవర్‌కిచ్చి, హోటల్ నుంచి గ్రౌండ్‌కి పరుగెత్తుకుంటూ వెళ్ళేవాడట. జనం అది చూసి ఎంత ఫిట్‌నెస్ అనుకున్నారు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండడం అంటే ఏంటో మనలో చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ 390కి ఏ సవరణ చెయ్యాలి?

"అయితే నీ నంబర్ వన్ ఎవరు మావా, తేల్చు" అన్నాడు మేనల్లుడు. తప్పించుకోను. నా లెక్కలో మార్షల్. సగటు ఒక్కటే చూసి కాదు. 1984లో లీడ్స్‌లో ఎడమ బొటనవేలు విరిగి, చేతికి కట్టుతో 53 పరుగులకు 7 వికెట్లు తీశాడు. అన్ని దేశాల్లోనూ, మన చచ్చు పిచ్‌ల మీద కూడా తీశాడు. ఇంకో కారణం పుస్తకంలో కనిపించదు. 1983లో వెస్టిండీస్ ఆటగాళ్ళను వర్ణవివక్ష దక్షిణాఫ్రికా డబ్బు మూటలతో పిలిచింది. కొందరు వెళ్ళారు. వాళ్ళలో కోలిన్ క్రాఫ్ట్, 27 టెస్టుల్లో 125 వికెట్లు తీసిన బౌలర్. "గౌరవ తెల్లవాడి" హోదా ఇచ్చి తీసుకెళ్ళిన ఆ దేశంలో, తెల్లవాళ్ళ రైలు పెట్టెలో కూర్చున్నాడని అతన్ని లేపేశారు. మార్షల్‌కి అంతకన్నా పెద్ద మూటే చూపించారు. వెళ్ళలేదు. తొంభై ఏళ్ళ కింద హెండ్రిక్స్ అన్న "రాను"కి, మార్షల్ అన్న "రాను"కి నా లెక్కలో చుట్టరికం ఉంది.

"ఇది ఆట లెక్క కాదు మావా, రాజకీయం" అన్నాడు వాడు. హెండ్రిక్స్‌ని ఆపింది ఆట లెక్కా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడో మంచి మాట అన్నాడు. "గిల్బర్ట్ టెస్టులు ఆడి ఉంటే విఫలమయ్యేవాడేమో కదా?" అని. అవును, అయ్యేవాడేమో. గిల్బర్ట్ మార్షల్ కన్నా గొప్ప అని నేనెలా చెప్తాను? విఫలమయ్యే అవకాశం కూడా ఒక హక్కే. అది వాళ్ళకివ్వలేదు. మనకీ అంతే కదా. మనవాడు ఒక్కసారి తప్పితే "కోటా" అంటారు. వాళ్ళవాడు పదిసార్లు తప్పితే "ఫామ్‌లో లేడు" అంటారు.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. 2021 జనవరి. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉన్నాడు. రెండు నెలల కిందట నాన్న చనిపోతే చివరిచూపుకి రాలేక అక్కడే ఉండిపోయాడు. సిడ్నీలో గ్యాలరీ నుంచి జాతి దూషణలు వస్తే, దులుపుకుని పోకుండా ఆట ఆపించి అంపైర్‌కి చెప్పాడు. ఆ తర్వాతి టెస్టులో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. ఆ మైదానం గబ్బా. తొంభై ఏళ్ళ కిందట గిల్బర్ట్ బ్రాడ్‌మన్ బ్యాటు ఎగరగొట్టింది అక్కడే. అదే ఏడాది డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో స్కాట్ బోలాండ్, ఆదివాసీ మూలాలున్న బౌలర్, 4 ఓవర్లలో 7 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా పురుషుల టెస్టు జట్టులో జేసన్ గిలెస్పీ తర్వాత ఆయన రెండోవాడు. నూటనలభై ఏళ్ళ పైబడిన టెస్టు చరిత్రలో రెండోవాడు.

మేనల్లుడు వెళ్ళేటప్పుడు తన జాబితా నాకు పంపాడు. మార్షల్‌ని ఒకటికి మార్చలేదు, బుమ్రానే ఉంచాడు. వాడి ఇష్టం. కానీ పదో నంబర్ దగ్గర పేరు తీసేసి ఖాళీగా వదిలాడు. నేనడగలేదు, వాడే చేశాడు. సాయంత్రం ఆ జాబితా మా చిన్నాన్నకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఈ ఖాళీ ఏందిరా, ఎవరి పేరు మర్చిపోయారు?" అన్నాడు.

వచ్చే భాగంలో పల్వంకర్ బాలూ గురించి రాస్తాను. ఆయన వేగం వేసేవాడు కాదు, ఎడమచేతి స్పిన్నర్. పూణేలో తెల్లదొరలకు గంటల తరబడి బంతులు వేసి, ఒక్కసారి బ్యాటు అందుకోని మనిషి. 1911లో ఇంగ్లండ్ వెళ్ళి 114 వికెట్లు తీసుకొచ్చాడు. ఇంటికొచ్చాక ఆయనకి టీ ఏ కప్పులో ఇచ్చేవాళ్ళు, కెప్టెన్సీ ఎందుకివ్వలేదు, ఆయన తమ్ముడు విఠల్ 1923లో దాన్ని ఎలా సాధించాడు, అంబేడ్కర్‌కీ బాలూకీ మధ్య ప్రేమా పోటీ రెండూ ఎలా నడిచాయి, అన్నీ చెప్పుకుందాం.

మీ ఊళ్ళో ఇంకొకరి పేరు మీద ఆడిన వాళ్ళుంటే, ముందు వాళ్ళ దగ్గరికెళ్ళి కూర్చోండి. వాళ్ళ అంకెలు వాళ్ళ నోటి నుంచే రాసుకోండి.

జై భీమ్.